ఇరవై ఎనిమిదిన చెప్పి ఒకటి నుంచి పెంచమంటే

విజయనగరంలో అద్దె పెంపు కబురు కాగితం మీద రావడం చాలా అరుదు. మోటారు వేసే వేళకి మెట్ల దగ్గర ఓనరుగారి భార్య చెప్తారు. లేదంటే వాట్సాప్‌లో అర నిమిషం వాయిస్ మెసేజ్ వస్తుంది: "ఒకటో తారీకు నుంచి తొమ్మిది ఇచ్చీండమ్మా. చుట్టుపక్కల అందరూ పెంచీసేరు కదేటి." అప్పటికి తేదీ ఇరవై ఎనిమిది. జీతం ఇంకా పడలేదు. దాసన్నపేటలోనైనా, తోటపాలెంలోనైనా, శ్రీకాకుళం పి.ఎన్. కాలనీలోనైనా ఇదే వరస.

ఈ కబురు విన్నవాళ్లు ఎక్కువగా రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. గొడవెందుకులే అని ఆ నెలే తొమ్మిది వేలు ఫోన్‌పే చేసేస్తారు. లేదా కోపమొచ్చి అద్దె మొత్తం ఆపేస్తారు. మొదటిది చేస్తే, పెంపుకి మీరు ఒప్పుకున్నారని మీ బ్యాంకు స్టేట్‌మెంటే చెబుతుంది. రెండోది చేస్తే, అప్పటిదాకా ఓనరు వైపున్న తప్పు మీ వైపుకొస్తుంది. అద్దె బాకీ పెట్టడం అన్నది ఖాళీ చేయించడానికి ఏ కోర్టులోనైనా పనికొచ్చే కారణం. చేతులారా అది ఇవ్వకూడదు. పాత అద్దెని రోజు తప్పకుండా, లెక్కలో కనబడేలా కట్టండి. పెంపు సంగతికి రాతలో జవాబివ్వండి. మొదటి నెల ఈ రెండు పనులూ సరిగ్గా జరిగితే తర్వాత మాట్లాడుకోవడానికి చోటుంటుంది.

ఇంకో చిన్న సంగతి. మెట్ల దగ్గర మాటొచ్చినప్పుడు మొహమాటానికి "సరేలెండి, చూద్దాం" అనేస్తాం. మనకది వాయిదా, ఓనరుగారికి మాత్రం సరే. నెల తిరిగాక "ఆ రోజు సరే అన్నారు కదా" అంటారు, నిజంగానే నమ్మి అంటారు. "కాగితం చూసి రాత్రికి మెసేజ్ పెడతానండి" అనండి, ఆ రాత్రికే పెట్టండి.

ముందు చూడాల్సింది అగ్రిమెంటు. మన దగ్గర ఎక్కువగా వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలలకి రాసుకుంటారు. ఏడాది దాటిన లీజుని రిజిస్టర్ చేయించాలని ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 107వ సెక్షన్ చెబుతుంది కాబట్టే ఈ పదకొండు నెలల అలవాటు. ఇక్కడ చాలామంది బోల్తాపడతారు. "మూడేళ్లకి రాసుకున్నాం, నోటరీ కూడా చేయించాం, మూడేళ్లదాకా పెంచడానికి లేదు" అనుకుంటారు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. రిజిస్టర్ కాని మూడేళ్ల కాగితాన్ని చూపించి మూడేళ్ల హక్కు అడగలేరు. అద్దె ఎంత, ఎప్పటినుంచి ఉంటున్నారు లాంటివాటికి అది ఆధారంగా పనికొస్తుంది, అంతవరకే.

పదకొండు నెలల గడువు ఇంకా నడుస్తుంటే సమస్య తేలిక. పెంపు గురించి అందులో ఏమీ రాయకపోతే గడువు తీరేదాకా అద్దె అదే. ఒకవైపువాళ్లు మాత్రమే అనుకుని ఒప్పందాన్ని మార్చడానికి లేదు. "గడువు తీరాక 5 శాతం పెంచి కొనసాగించవలెను" అన్న లైను ఉంటే ఆ లైనే లెక్క. పాత అద్దె 7,500 అనుకుంటే దానిమీద 5 శాతం 375, అంటే 7,875. తొమ్మిది వేలు అడిగితే అది 20 శాతం. ఆ తర్వాతి ఏడాది 5 శాతం దేని మీద వేయాలన్నది కూడా చూడండి. పెరిగిన అద్దె మీదైతే 393 రూపాయల 75 పైసలు కలిసి 8,268.75 అవుతుంది. మొదటి అద్దె మీదైతే 8,250. తేడా చిన్నదే అయినా కాగితంలో "అప్పటి అద్దెపై" అని లేకపోతే ఏటా ఇదే పేచీ.

గడువు ఎప్పుడో తీరిపోయి, కొత్త కాగితం రాసుకోకుండా అలాగే ఉంటూ అద్దె కడుతున్నవాళ్లే మన ఊళ్లలో ఎక్కువ. ఓనరు అద్దె తీసుకుంటూ వచ్చారు కాబట్టి అది నెల నెలకీ సాగే అద్దెగా లెక్క. దాన్ని ముగించాలంటే అదే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల ముందు రాతలో, సంతకంతో నోటీసు ఇవ్వాలి. మీరు ఖాళీ చేయాలన్నా అంతే. పదిహేను రోజులు గడవగానే తాళం వేసే హక్కు ఓనరుకి వచ్చేయదు. మీరు కదలకపోతే చట్టం ప్రకారం కేసు వేసే ఖాళీ చేయించాలి. "ఇష్టమైతే తొమ్మిది ఇవ్వండి, లేకపోతే రేపే ఖాళీ చేయండి" అన్న మాటలో "రేపే" అన్న ముక్కకి విలువ లేదు.

దీనిమీద అద్దె చట్టం కూడా ఉంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం అందరూ విన్నదే. 2017లో ఆంధ్రప్రదేశ్ కొత్త అద్దె చట్టం చేసుకుంది. కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టానికి తగ్గట్టు తన చట్టాన్ని సవరించుకున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. నమూనా చట్టం ఏం చెబుతుందంటే, అద్దె పెంపు అగ్రిమెంటులో రాసుకున్న ప్రకారమే జరగాలి. పెంచాలనుకుంటే, కొత్త అద్దె మొదలయ్యే తేదీకి మూడు నెలల ముందు రాతలో నోటీసు ఇవ్వాలి. ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు. అద్దె పెంచాం కాబట్టి అడ్వాన్సు కూడా ఇంకో పదివేలు వేయండి అనేవాళ్లుంటారు, అప్పుడు ఈ రెండు నెలల పరిమితి గుర్తుంచుకోండి.

అదే నమూనా చట్టంలో మీకు ఎదురు తిరిగే ముక్క కూడా ఉంది. నోటీసు సక్రమంగా అందాక, ఉండను అని మీరు తిరిగి నోటీసు ఇవ్వకపోతే పెంపుకి ఒప్పుకున్నట్టే లెక్క. అందుకే రాతలో నోటీసు వచ్చినప్పుడు ఊరుకోవడం ప్రమాదం. నోటి మాటకి జవాబు రాయడం మంచి అలవాటు. కాగితానికి జవాబు రాయడం తప్పనిసరి.

జవాబు పెద్దదేమీ కాదు, ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన ఓనరుగారికి నమస్కారం. మీ ఇంటి కింద వాటాలో నెలకి 7,500 రూపాయల అద్దెకి ఉంటున్నాము. జూన్ 28న మీరు ఫోన్‌లో, జూలై 1 నుంచి అద్దె 9,000 అని చెప్పారు. దీనిపై ముందుగా రాతపూర్వక నోటీసు మాకు అందలేదు. ఈ పెంపుకి మేము ఒప్పుకోలేదు. జూలై అద్దె 7,500 ఎప్పటిలాగే 5వ తేదీలోపు మీ ఖాతాకి పంపుతాము. అద్దె సవరణ గురించి కూర్చుని మాట్లాడుకోవడానికి మేము సిద్ధం. మీకు వీలైన రోజు తెలియజేయగలరు."

ఇందులో నాలుగు సంగతులు తప్పకుండా ఉండాలి: పాత అద్దె అంకె, ఆయన చెప్పిన తేదీ, ఒప్పుకోలేదన్న మాట, ఏ తేదీకి ఎంత కడతారన్నది. చట్టం సెక్షన్లు మొదటి ఉత్తరంలోనే గుప్పించకండి. సెక్షన్ చూడగానే ఆయన వకీలు దగ్గరకి పరిగెడతారు, మాట్లాడుకుంటే తేలేది కేసు దాకా పోతుంది. వయసులో పెద్దవాళ్లయితే "బాబాయిగారూ", "పిన్నిగారూ" అని పిలిచే వరసే ఉత్తరంలోనూ ఉంచండి. వరస పెట్టి పిలిచినంత మాత్రాన హక్కు తగ్గదు.

ముందు ఇదే మాటని వాట్సాప్‌లో టైపు చేసి పంపండి. వాయిస్‌కి వాయిస్‌తో జవాబివ్వకండి, తర్వాత ఎవరూ వినరు. ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌ని మాత్రం చెరిపేయకుండా ఉంచండి, ఫోన్ మార్చేముందు బ్యాకప్ తీసుకోండి. ఆ తర్వాత కాగితం కాపీని పోస్టులో పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్లో "రిజిస్టర్ పోస్టు" అని అడిగితే తికమక పడతారు. స్పీడ్ పోస్టు చేసి దానికి రిజిస్ట్రేషన్ కలపమనండి. అప్పుడు కవరు చిరునామాదారు చేతికే ఇస్తారు. అందినట్టు ఆధారం కూడా అక్కడే అడగండి. రసీదు మీది థర్మల్ ప్రింటు ఆరు నెలల్లో వెలిసిపోతుంది, ఆ రోజే ఫొటో తీయండి. "తీసుకోలేదు" అని రాసి కవరు వెనక్కొస్తే బాధపడాల్సింది లేదు. దాన్ని చింపకుండా, తెరవకుండా అలాగే దాచండి. సరైన చిరునామాకి పంపి కావాలని తీసుకోకపోతే అందినట్టే చూస్తారు. తెరిచిన కవరుకి ఆ విలువ ఉండదు.

ఇక డబ్బు. ఫోన్‌పే, గూగుల్‌పేలో పంపేటప్పుడు కింద నోట్ రాసే చోటుంటుంది. చాలామంది ఖాళీగా వదిలేస్తారు, లేదా ఒక నమస్కారం బొమ్మ పెడతారు. "జూలై అద్దె పూర్తిగా" అని రాయండి. "పూర్తిగా" అన్నది ముఖ్యం. అది లేకపోతే 7,500ని ఓనరు 9,000లో కొంత భాగంగా రాసుకుంటారు. నగదు ఇస్తే రసీదు తీసుకోండి. 5,000 దాటిన రసీదుకి రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దానిమీద సంతకం పెట్టించాలి. స్టాంపు మీరే కొని తీసుకెళ్లండి, లేదన్న సాకు ఉండదు. రసీదులో "పార్ట్ పేమెంట్, బాకీ 1,500" అని రాసి ఇస్తే మాట్లాడకుండా జేబులో పెట్టుకోకండి. అదే రోజు "మీరిచ్చిన రసీదులో బాకీ అని రాశారు, మా అద్దె 7,500 పూర్తిగా చెల్లించాము" అని మెసేజ్ పెట్టండి. ఇలాంటి రసీదులు ఆరు కూడితే ఆయన లెక్కలో తొమ్మిది వేల బాకీ తయారవుతుంది.

డబ్బు వెనక్కి పంపేస్తారు ఒక్కోసారి. లేదా మీ నంబరు బ్లాక్ చేస్తారు. అప్పుడు ఆయన ఖాతాకి బ్యాంకు ద్వారా మళ్లీ పంపండి. ఖాతా నంబరు పాత చెక్కు మీదో, మీ పాత స్టేట్‌మెంటులోనో దొరుకుతుంది. అదీ కుదరకపోతే పోస్టాఫీసు మనియార్డరే దారి. కమీషన్ దండగ అనిపిస్తుంది కానీ తీసుకోలేదన్న ముద్రతో తిరిగొచ్చిన మనియార్డరు కంటే గట్టి సాక్ష్యం అద్దె గొడవల్లో ఇంకోటి లేదు. నమూనా చట్టం ప్రకారం వరసగా రెండు నెలలు ఇలా పంపినా ఓనరు తీసుకోకపోతే ఆ సొమ్ముని రెంట్ అథారిటీ దగ్గర జమ చేయవచ్చు. రెంట్ అథారిటీ అంటే డిప్యూటీ కలెక్టరు హోదాకి తగ్గని అధికారి. మన దగ్గర సోమవారం కలెక్టరేటులో పీజీఆర్‌ఎస్ (ప్రజల ఫిర్యాదుల వేదిక) అర్జీలు తీసుకుంటారు. అక్కడ అర్జీ ఇస్తూ రెంట్ అథారిటీకి పంపమని మొదటి లైనులోనే రాయండి. లేకపోతే అది ఇంకేదో సెక్షన్లో తిరుగుతుంది. అర్జీ నంబరు రాసిన రసీదు తీసుకోకుండా బయటికి రాకండి.

అద్దెని అడ్వాన్సులో సర్దుకోండి అని మీరు అనకండి. అడ్వాన్సు వేరు, అద్దె వేరు. ఆ మాట అన్న నెల నుంచి మీరు బాకీదారు.

అద్దె అంకె ముట్టుకోకుండా వేరే పేరుతో పెంచడం ఇంకో పద్ధతి. మోటారు ఖర్చు రెండొందలు, మెట్లు కడిగినందుకు వంద, కరెంటు యూనిట్‌కి తొమ్మిది. ఎక్కువ నష్టం కరెంటులోనే. రెండు వాటాలకీ కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ మీటరు ఒకటే, మీకు సబ్ మీటరు అయితే లెక్క ఇలా చేయాలి. నెల బిల్లు 1,530, మొత్తం యూనిట్లు 240, మీ సబ్ మీటరు 90 అనుకోండి. 1,530ని 240తో భాగించి 90తో గుణిస్తే 573 రూపాయల 75 పైసలు. యూనిట్‌కి తొమ్మిది లెక్కన మీ దగ్గర తీసుకునేది 810. నెలకి 236 రూపాయల చొప్పున, ఏడాదికి 2,800 పైగా అద్దె పెరిగినట్టే. బిల్లు తీసిన రోజే సబ్ మీటరు ఫొటో కూడా తీయాలి. ఆయన బిల్లు ఎనిమిదో తారీకుది, మీ రీడింగు ముప్పైది అయితే ఆ లెక్క ఎవరూ తేల్చలేరు. స్లాబులు ఉన్నాయి కాబట్టి ఇద్దరి వాడకం ఒకే మీటరులో పడితే పై స్లాబు రేటు తగులుతుంది. ఆ భారం ఇద్దరూ పంచుకోవాల్సిందే, ఇందులో ఓనరు తప్పు లేదు. ఆయన లాభం తీయకుండా చూసుకుంటే చాలు.

పెంపుకి చెప్పే కారణాల్లో ఇంటిపన్ను ఒకటి. ఆస్తి విలువ ఆధారంగా పన్ను వేసే పద్ధతి 2021 నుంచి వచ్చింది, పన్ను పెరిగిన మాట నిజమే. కానీ ఏడాదికి 15 శాతం దాటి పెరగకూడదని పరిమితి పెట్టారు. ఏటా 4,000 కట్టే ఇంటికి 15 శాతం అంటే 600, నెలకి 50. రెండు వాటాలుంటే మీ వంతు 25 రూపాయలు. పదిహేను వందల పెంపుకి ఇది కారణం కాలేదు. ఇంకో కారణం భోగాపురం ఎయిర్‌పోర్టు. ఆ పేరు చెప్పి కంటోన్మెంటు దాకా అద్దెలు పెంచుతున్నారు. దానికి సరైన జవాబు వాదన కాదు. మీ వీధిలో, మీలాంటి వాటాకి టులెట్ బోర్డు పెట్టిన మూడిళ్లకి ఫోన్ చేసి అద్దె, అడ్వాన్సు, నీళ్లు, మేడా కిందా అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మూడిట్లో రెండు 8,000 దగ్గరుంటే ఆయన మాటలో కొంత నిజముంది. అప్పుడు పట్టుపట్టడం వల్ల లాభం లేదు. 8,000కి ఒప్పుకుని, మూడు నెలల తర్వాత నుంచి అమలు, కొత్త అగ్రిమెంటు, కారుతున్న వంటింటి కుళాయి, బాత్రూము గోడ చెమ్మ ఆయన ఖర్చుతో బాగుచేయించడం అడగండి. నా మాటకొస్తే, పెంపు పూర్తిగా ఆపించడం కంటే ఇలా తెగ్గొట్టుకోవడమే మేలు.

ఏ నెలలో మాట్లాడుతున్నారన్నది కూడా చూసుకోవాలి. ఆషాఢంలో, పుష్యంలో ఇల్లు మారరు. జ్యేష్ఠం చివర్లో పెంపు చెప్పే ఓనరుకి మీరు శ్రావణం దాకా కదలలేరని తెలుసు. అదే కారణంగా ఆ నెల్లో ఖాళీ అయిన ఇల్లు ఆయనకి కూడా శ్రావణం దాకా తాళంతోనే ఉంటుంది. ఇది మర్యాదగా గుర్తు చేయండి.

ఒకే బిల్డింగులో నాలుగైదు కుటుంబాలకి ఒకేసారి పెంచితే ఉత్తరం ఒకటే రాసి అందరూ సంతకం పెట్టండి, ప్రతి పేరు పక్కన ఆ కుటుంబం పాత అద్దె రాయండి. డబ్బు మాత్రం ఎవరికి వారే పంపాలి. అందరి అద్దె ఒకరి ఖాతాలో పోగుచేసి పంపితే మిగతా నలుగురి పేరు మీద కట్టిన దాఖలా ఉండదు. ఒక కుటుంబం మధ్యలో విడిగా రాజీ పడిపోవచ్చు. ఆ మాట ముందే అనుకుని ఉంటే మనస్పర్థలు రావు.

నీళ్లు ఆపేయడం, ఫ్యూజు పీకేయడం దాకా వెళితే అది బేరం కాదు, వేధింపు. నమూనా చట్టం దాన్ని స్పష్టంగా నిషేధించింది, సరఫరా వెంటనే పునరుద్ధరించమని రెంట్ అథారిటీ ఆదేశించవచ్చు. కరెంటు పోతే ముందు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. లైనులో లోపం లేదని వాళ్లు చెప్పడమే మీకు ఆధారం. తాళం వేసేస్తే, సామాను బయట పెట్టేస్తే 112కి ఫోన్ చేసి, తర్వాత స్టేషన్లో రాతలో ఫిర్యాదు ఇవ్వండి. "ఇది సివిల్ మేటరు" అంటారు. అద్దె ఎంతన్నది సివిలే. దారి అడ్డగించడం, బెదిరించడం భారతీయ న్యాయ సంహితలో 126, 351 సెక్షన్ల కిందకి వచ్చే నేరాలు. ఫిర్యాదులో అద్దె గొడవ ఒక్క లైనులో చెప్పి, మిగతాదంతా ఆ రోజు ఎవరు ఏం చేశారన్నదే రాయండి. చట్టం దారిలో కాకుండా బయటికి నెట్టేసినవాళ్లు తిరిగి స్వాధీనం కోరుతూ నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేయాలి. ఆ గడువు దాటనివ్వకండి.

వకీలు ఫీజుకి భయపడి ఆగిపోయేవాళ్లకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, నంబరు 15100. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, దివ్యాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఉంటుంది, మిగతావాళ్లకి ఆదాయ పరిమితి చూస్తారు. కేసు వేయకముందే ఓనరుని పిలిపించి మాట్లాడించమని అడగవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. కాబట్టి సంతకం పెట్టేముందు అంకె, తేదీ, అడ్వాన్సు మూడూ చదవండి.

రాజీ ఎలా కుదిరినా కొత్త అగ్రిమెంటులో ఈ వాక్యం రాయించండి: "అద్దె సవరణ ఈ గడువు ముగిసిన తర్వాత మాత్రమే, అప్పటి అద్దెపై 5 శాతం మించకుండా, మూడు నెలల ముందు రాతపూర్వకంగా తెలియజేసి చేయవలెను. కరెంటు చార్జీ సబ్ మీటరు యూనిట్లను బట్టి అసలు బిల్లులో వంతుగా లెక్కించవలెను." డాక్యుమెంటు రైటరు దగ్గర అచ్చు నమూనా ఉంటుంది, అందులో పెంపు శాతం ఖాళీగా వదిలి సంతకాలు తీసుకుంటారు. ఆ ఖాళీ నింపాకే సంతకం పెట్టండి, ప్రతి పేజీ కిందా పెట్టండి. ఒరిజినల్ ఓనరు దగ్గరుంటే, ఇద్దరి సంతకాలూ ఉన్న జిరాక్స్ అదే రోజు మీ చేతిలో ఉండాలి.